విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు: తెరమీద నవ్వు ఎవరిమీద?

1

హాస్యనవలను తెరకెక్కించడం కష్టమని అందరూ అంటారు. ఎందుకు కష్టమో విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. ఆ నవలలో అద్భుతం కూడా కలిస్తే, అంటే పైలోకాలనుంచి మనుషులు దిగిరావడం, ఏనాడో గతించినవాళ్ళు వచ్చి మనతో మాట్లాడటం వంటివి ఉంటే, కష్టం రెట్టింపవుతుందని కొందరూ, కెమెరా మాయలు తెలిసినవాళ్ళకు అదే సులువని మరికొందరూ అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. అయితే రెండూ ఒక ముఖ్యమైన ప్రశ్నను దాటవేస్తాయి. ఆ నవలలో నవ్వు ఎక్కడ పుడుతోంది? సంఘటనలోనా, మాటలోనా? మాటలోనే అయితే, ఆ నవ్వు ఎవరిమీద? ఈ ప్రశ్నకు జవాబు తేల్చుకోకుండా నవలను దృశ్యాలుగా విడగొడితే కథ తెరమీదికి వస్తుంది గాని నవల రాదు.

ఈ వ్యాసంలో మేము ఈ ప్రశ్నను ఒక్క నవలకు పరిమితం చేసి చూస్తాము. అది విశ్వనాథ సత్యనారాయణ గారి 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'. విశ్వనాథ (1895-1976) పేరు చెప్పగానే వేయిపడగలు, రామాయణ కల్పవృక్షము గుర్తుకొస్తాయి. కల్పవృక్షానికి 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది. ఆ గంభీరమైన పేరు వెనక ఒక కొంటెమనిషి ఉన్నాడని తెలియాలంటే ఈ చిన్న నవల చదవాలి. పంచతంత్రకర్త విష్ణుశర్మ, భారతకవి తిక్కన సోమయాజి స్వర్గంనుంచి దిగివస్తారు. కథ చెప్పే 'నేను'ను కలుసుకుంటారు. ఆ 'నేను' రచయితే. విష్ణుశర్మకు ఇంగ్లీషు కావాలి. పాఠం మొదలవుతుంది. పాఠంతోపాటే ప్రశ్నలూ మొదలవుతాయి. స్థూలంగా కథ ఇంతే.

దూరదర్శన్ ఈ నవలను టెలిఫిల్మ్‌గా తీసింది. ఆ చిత్రానికి మార్కులు వెయ్యడం మా ఉద్దేశం కాదు. ఈ నవలను ఎవరు ఎప్పుడు తెరకెక్కించినా ఎదురయ్యే చిక్కులేమిటి, వాటిని ఎలా విప్పితే నవల నిలుస్తుంది అన్నదే మా విచారణ. మీలో చాలామంది తెలుగు రాష్ట్రాలకు బయట పెరిగి తెలుగు చదువుకుంటున్నవారు. భాష నేర్చుకునేవాడి ప్రశ్నకు భాష వచ్చినవాడు ఎలా జవాబు చెబుతాడన్నది ఈ నవలకు మూలవస్తువు. కాబట్టి ఇది మీ గురించి రాసిన నవల కూడా.

2

ముందు నవల కట్టడం చూద్దాము. విశ్వనాథ ఎందరో పూర్వకవులుండగా విష్ణుశర్మనే ఎందుకు ఎంచుకున్నారు? కాళిదాసును తేవచ్చు. పాణినిని తేవచ్చు, వ్యాకరణం గురించి ప్రశ్నలడగడానికి పాణినికి మించినవాడు ఎవరు? అయినా విష్ణుశర్మ దగ్గరే ఒక చమత్కారం ఉంది. పంచతంత్రం ఎలా మొదలవుతుందో మీకు తెలుసు. మహిలారోప్యమనే నగరంలో అమరశక్తి అనే రాజు. ఆయనకు చదువంటని ముగ్గురు కొడుకులు. వాళ్ళకు ఆరు నెలల్లో నీతిశాస్త్రం నేర్పిస్తానని పందెం కట్టినంత ధీమాగా ముందుకొచ్చిన ముసలి పంతులు విష్ణుశర్మ. అంటే లోకంలో మొండి విద్యార్థులకు చదువు చెప్పడంలో పేరు పొందిన ఉపాధ్యాయుడు. ఆ ఉపాధ్యాయుడు ఇప్పుడు బల్లమీద కూర్చుని పలక పట్టుకున్నాడు. అతనికి పాఠం చెప్పవలసినవాడు మన కాలపు పంతులు. నవలలోని హాస్యానికి ఇదే బీజం.

ఇంకొక చమత్కారం చరిత్రలో ఉంది. విష్ణుశర్మకు ఇంగ్లీషు రాకపోయినా ఆయన పుస్తకానికి ఎప్పుడో వచ్చింది. ఆరో శతాబ్దంలో పంచతంత్రం పహ్లవీ భాషలోకి వెళ్ళింది. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా చేతిలో అరబ్బీలో 'కలీలా దిమ్నా' అయింది. అక్కడినుంచి ఇతర భాషల మీదుగా నడిచి 1570లో థామస్ నార్త్ చేతిలో ఇంగ్లీషయింది. 1678లో లా ఫొంతేన్ తన ఫ్రెంచి నీతికథల రెండో సంపుటం వెలువరిస్తూ, చాలా కథలకు 'పిల్పే' అనే భారతీయ జ్ఞానికి రుణపడి ఉన్నానని చెప్పుకున్నాడు. ఆ పిల్పే అనే పేరు ఈ పంచతంత్ర పరంపరలోదే. తెలుగువాళ్ళకు చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక రాసిపెట్టాడు. తరతరాల తెలుగు పిల్లలు దానిమీదే గద్యం నేర్చుకున్నారు. ఇన్ని భాషల్లో పాఠం చెప్పిన మనిషిని ఒక్క భాష ముందు విద్యార్థిగా కూర్చోబెట్టడం విశ్వనాథ వేసిన ఎత్తు.

ఇప్పుడు నవ్వు సంగతి. ఒక పాఠం జరుగుతున్నప్పుడు నవ్వడానికి మూడు చోట్లుంటాయి. విద్యార్థి తెలివితక్కువతనం చూసి నవ్వవచ్చు. పాఠ్యవిషయం అసంగతంగా ఉందని నవ్వవచ్చు. పాఠం చెప్పేవాడికి జవాబు రాక నీళ్ళు నమలడం చూసి నవ్వవచ్చు. సామాన్యంగా ఈ నవల ప్రస్తావన వస్తే రెండోదే చెబుతారు: ఇంగ్లీషును వేళాకోళం చేసిన నవల అని. అది పైకి కనబడే సంగతి. మా దృష్టిలో అసలు నవ్వు మూడోచోట ఉంది. విష్ణుశర్మ అడిగేవి కొంటెప్రశ్నలు కావు. శాస్త్రం చదివినవాడు సహజంగా అడిగే ప్రశ్నలు. ఇది ఇలా ఎందుకుంది? ఈ సూత్రం ఇక్కడ ఎందుకు వర్తించదు? పంతులు ఇన్నేళ్ళుగా ఆ భాష మధ్య బతికాడు. ఆ భాషలో పరీక్షలు రాశాడు. అయినా ఈ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు. అంతే, అలవాటు అంటాడు. చదువు పేరుతో మనం ఎంత అలవాటును మింగామో అక్కడ బయటపడుతుంది. ఆ పంతులు రచయితే కావడంతో ఎత్తిపొడుపు ముందు తనకే తగులుతుంది. అందుకే ఈ నవలలోని వెక్కిరింత చేదెక్కదు.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. ఈ నవలను తెరకెక్కించేవారు కాపాడవలసినది ఒక్కటే: జవాబు రాని పంతులు. స్వర్గం పోయినా ఫరవాలేదు. కొన్ని ప్రశ్నలు పోయినా ఫరవాలేదు. నవ్వు పంతులుమీదినుంచి జారి విద్యార్థులమీద పడితే మాత్రం నవల తలకిందులవుతుంది.

3

అలా జారే ప్రమాదం నిజంగా ఉందా? ఉంది. ఎందుకంటే తెలుగు తెరకు స్వర్గం కొత్త కాదు, నరకం అసలే కాదు. 1960లో సి. పుల్లయ్య గారి దేవాంతకుడు వచ్చింది. 1977లో యమగోల, 1988లో యముడికి మొగుడు, 1994లో యమలీల వచ్చాయి. వీటితో మనకు ఒక అలవాటు ఏర్పడింది. మనిషి పైకి వెళ్ళినప్పుడు దేవతలను బుట్టలో వేస్తాడు. దేవతలు కిందికి వచ్చినప్పుడు మన వీధుల్లో తికమకపడతారు. రెండుచోట్లా తెలివైనవాడు మనవాడే. మనకు తెలిసింది వాళ్ళకు తెలియదు, అందుకు నవ్వు. ఈ నవ్వులో తప్పేమీ లేదు. ఆ చిత్రాలకు అది సరిగ్గా అతికింది. కాని విశ్వనాథ నవలకు ఇది పూర్తిగా ఎదురుదిక్కు.

ఈ అలవాటు ఎంత గట్టిదో కనకాలపేటలో మేము ప్రత్యక్షంగా చూశాము. కనకాలపేట యానాం ప్రాంతంలోని ఊరు. యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. చుట్టూ గోదావరి జిల్లాల తెలుగే, పాలన మాత్రం దూరాన ఉన్న పుదుచ్చేరినుంచి. అక్కడ ఒక చిన్న విద్యార్థి బృందానికి ఈ నవల ఇచ్చి చదవమన్నాము. తరవాత నాలుగు జట్లుగా విడిపోయి, టెలివిజన్ కోసం మొదటి పది నిమిషాలను దృశ్యాలుగా రాసి తెమ్మన్నాము.

మూడు జట్లు స్వర్గంతో మొదలుపెట్టాయి. పొగ, కిరీటాలు, వీణానాదం. ఆ మూడు జట్లూ ఒకరి కాగితం ఒకరు చూసుకోలేదు. భూమిమీద దిగగానే విష్ణుశర్మ మోటారుసైకిలు చూసి పక్కకు గెంతాడు. తిక్కన సీలింగు ఫ్యాను చూసి తల వంచుకున్నాడు. చదువుతుంటే బృందమంతా నవ్వింది, మేమూ నవ్వాము. అప్పుడు నాలుగో జట్టులోని ఒక అమ్మాయి లేచి అడిగింది: "మాస్టారండీ, ఇంతసేపూ ఇదే అయిపోతే మరి ఆయన అడిగే ప్రశ్నలకి చోటెక్కడుందండీ?"

ఆ ప్రశ్న సరైన విమర్శ. ఫ్యాను చూసి జడిసే ముసలాయన ఎవరైనా కావచ్చు. దానికి విష్ణుశర్మ అక్కరలేదు, పంచతంత్రం అక్కరలేదు. పైగా ఒకసారి ఫ్యానుకు జడిసినవాడు తరవాత ఎంత మంచి ప్రశ్న అడిగినా ప్రేక్షకుడు దాన్ని కూడా అమాయకత్వం కిందే జమకడతాడు. మొదటి పది నిమిషాల్లో అతన్ని చూసి నవ్వడం నేర్పాక, పదకొండో నిమిషంలో అతనితో కలిసి నవ్వమంటే కుదరదు. నాలుగో జట్టు రాసినదానిలో స్వర్గం లేదు. ఒక గది, నల్లబల్ల, సుద్దముక్క. బల్లమీద ఒక ఇంగ్లీషు మాట. కింద కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు ఆ మాటను శ్రద్ధగా చూస్తున్నారు. వాళ్ళలో బెదురు లేదు. పంతులు కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు. మూడు జట్ల రాతలకంటె ఇది తక్కువ ఖర్చుతో అయ్యే పని. నవలకు దగ్గరైనదీ ఇదే.

4

ఇక రెండో చిక్కు. మాటమీద ఆధారపడిన హాస్యం తెరమీద నిలవదు, తెర చూసేది గాని వినేది కాదు, అని ఒక వాదముంది. ఈ నవల విషయంలో ఆ వాదం పూర్తిగా తప్పని మా అభిప్రాయం. కారణం లిపిలో ఉంది.

ఉదాహరణకు, మేము తరగతిలో వాడే ప్రశ్న ఒకటి చూడండి. ఇంగ్లీషులో ఓ, యు, జి, హెచ్ అనే నాలుగక్షరాలు వరసగా వస్తే ఎలా పలకాలి? ఒక మాటలో అవి 'త్రూ' అనిపించి ఊకారమవుతాయి. మరొక మాటలో 'కాఫ్' అనిపించి ఫకారాన్ని తెస్తాయి. ఇంకొక మాటలో 'బౌ' అనిపించి ఔకారమవుతాయి. మరొక మాటలో 'దో' అనిపించి ఓకారమవుతాయి. ఈ వాక్యాలు రాయడానికి మేము ఎంత తంటాలు పడ్డామో గమనించారా? తెలుగు పుస్తకంలో తెలుగు లిపిలో ఇంగ్లీషు మాట రాస్తే ఉచ్చారణ వస్తుంది, వర్ణక్రమం పోతుంది. అక్షరాల పేర్లు చెబితే వర్ణక్రమం వస్తుంది, ఉచ్చారణ పోతుంది. రెండూ ఒకేసారి ఇవ్వడం అచ్చుకు అలవికాదు. ఒకదాని తరవాత ఒకటి చెప్పుకుంటూ పోవాలి. ఇంగ్లీషు లిపినే అచ్చు వేద్దామంటే, అది చదవగలిగిన పాఠకుడికి ఆ వర్ణక్రమం అప్పటికే అలవాటైపోయి వింతగా కనబడదు.

టెలివిజన్ ఈ పని ఒక్క క్షణంలో చేస్తుంది. కంటికి బల్లమీద ఆరక్షరాలు కనబడుతుంటాయి. చెవికి మూడే ధ్వనులు వినబడతాయి. కంటికీ చెవికీ మధ్య ఉన్న ఆ సందులోనే నవ్వు పుడుతుంది. వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. విష్ణుశర్మ వేలితో ఒక్కొక్క అక్షరాన్నే చూపిస్తూ దీని పని ఏమిటని అడిగితే చాలు. అచ్చులో అర పేజీ పట్టే వాదన తెరమీద ఒక వేలికదలికతో తేలిపోతుంది. హాస్యాన్ని చిత్రించడానికి కెమెరాకు ఇంతకంటె మంచి అవకాశం మరో తెలుగు నవలలో ఉందనుకోము.

ఇలాంటి మాటల హాస్యాన్ని తెరమీదికి తెచ్చిన అనుభవం ఇతరచోట్లా ఉంది. డగ్లస్ ఆడమ్స్ 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' 1978లో బి.బి.సి. రేడియోలో మొదలై, 1979లో నవలై, 1981లో టెలివిజన్ ధారావాహిక అయింది. అందులో హాస్యమంతా ఒక ఊహాజనిత మార్గదర్శి గ్రంథంలోని వాక్యాల్లో ఉంటుంది. టెలివిజన్‌లో ఆ వాక్యాలను ఒక గొంతు చదువుతుంటే, తెరమీద గీతలూ అక్షరాలూ కదులుతాయి. వాక్యాన్ని తీసేసి సంఘటనను పెట్టాలన్న ఆత్రం వాళ్ళు చూపలేదు. వాక్యాన్నే దృశ్యం చేశారు. 1990లో టెరీ ప్రాచెట్, నీల్ గైమన్ కలిసి రాసిన 'గుడ్ ఒమెన్స్' 2019లో ధారావాహికగా వచ్చినప్పుడు, నవలలోని వ్యాఖ్యాత గొంతును సాక్షాత్తూ దేవుడి గొంతుగా వినిపించారు. కథ చెప్పేవాడి స్వరం పోతే హాస్యం పోతుందని గ్రహించిన పని అది.

విశ్వనాథ విషయంలో ఈ స్వరం మరీ ముఖ్యం. ఆయన చాలా నవలలను ఆశువుగా చెబుతుంటే ఇతరులు రాసుకున్నారన్నది ప్రసిద్ధమే. అందువల్ల ఆ వచనంలో ఎదురుగా కూర్చుని చెబుతున్న మనిషి ఉంటాడు. దారి తప్పుతాడు, మళ్ళీ వస్తాడు, మనల్ని అడుగుతాడు, తనే జవాబు చెబుతాడు. ఆ మనిషిని తీసేసి సంభాషణలు మాత్రమే మిగిల్చితే ఆ నవల వ్యాకరణపాఠమైపోతుంది. పంతులు గొంతు తెరవెనకనుంచి అప్పుడప్పుడు వినబడాలి. పైకి శిష్యుడితో ఒకటి అంటాడు, లోపల తనతో తాను మరొకటి అనుకుంటాడు. రెండూ వినగలిగేది ప్రేక్షకుడొక్కడే.

5

మూడో చిక్కు నటీనటులకు సంబంధించింది. విష్ణుశర్మ, తిక్కన ఏ తెలుగులో మాట్లాడాలి?

పుస్తకంలో ఈ ప్రశ్న అంతగా బాధించదు. తెరమీద ఎవరో ఒక నటుడు నోరు తెరిచి ఏదో ఒక తెలుగు పలకాలి. తిక్కన 13వ శతాబ్దివాడు. నాటి వాడుక తెలుగును భాషాశాస్త్ర పద్ధతిలో పునర్నిర్మించి పలికిస్తే ఎవరికీ అర్థం కాదు. అది వేషం వేసిన పాండిత్యం. సినిమా పద్ధతి ఒకటుంది: దేవతలకు గ్రాంథికం, మనుషులకు వ్యావహారికం. యముడి చిత్రాల్లో సగం నవ్వు ఈ తేడాలోనే ఉంది. యముడు మన వీధిలోని వస్తువులకు సమాసాలతో పేర్లు పెడతాడు, మనం నవ్వుతాము. మాయాబజార్‌లో (1957) పింగళి నాగేంద్రరావు గారు ఘటోత్కచుడి పరివారానికి ఇచ్చిన అసమదీయ, తసమదీయ వంటి మాటలు ఇంకో రకం. అవి గ్రాంథికాన్ని వెక్కిరించవు, కొత్త మాటను పుట్టించిన ఆనందాన్నిస్తాయి.

తిక్కన చేత సినిమా గ్రాంథికం మాట్లాడిస్తే ఏమవుతుంది? ఆయన నోరు తెరిచినప్పుడల్లా ప్రేక్షకుడు ఆయన తెలుగును చూసి నవ్వుతాడు. అప్పుడు ఇంగ్లీషుమీద ప్రశ్న వేసేవాడి భాషే హాస్యాస్పదమైపోతుంది. నవల అడిగిన ప్రశ్న తిరగబడి తెలుగుకే తగులుతుంది. ఇది చిన్న నష్టం కాదు. పైగా తిక్కనకు అన్యాయం కూడా. భారతంలో విరాటపర్వంనుంచి పదిహేను పర్వాలు తెలుగు చేసిన ఆ కవి గొప్పతనాల్లో, పాత్రలు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్టు పద్యం నడపడం ఒకటని అందరూ ఒప్పుకుంటారు. ఆయన చేత బిగుసుకుపోయిన మాటలు మాట్లాడించడం ఎలా పొసగుతుంది?

మా సూచన సామాన్యమైనది. ఇద్దరికీ నిదానమైన, పెద్దమనిషి తరహా వాడుకభాష ఇవ్వాలి. ఒక పాత మాట, ఒక నుడికారం అక్కడక్కడ రావచ్చు. అవి వచ్చినప్పుడు పంతులు ఉలిక్కిపడాలి. తను మరిచిపోయిన మాట ఎవరో గుర్తు చేసినట్టు ఉండాలి. అప్పుడు ప్రేక్షకుడి గౌరవం శిష్యుల వైపుంటుంది, నవ్వు పంతులు వైపుంటుంది.

6

ఇంతవరకు నవల పక్షాన మాట్లాడాము. ఇక భాషాశాస్త్రం చదివినవాళ్ళుగా ఒక అభ్యంతరం చెప్పాలి. విష్ణుశర్మ ప్రశ్నలకు నిజంగా జవాబుల్లేవా? చాలావాటికి ఉన్నాయి. 'నైట్' అనే వీరుడి పేరు ముందున్న కె అక్షరాన్ని ఒకప్పుడు పలికేవారు. కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక వర్ణక్రమం క్రమంగా గడ్డకట్టింది. నోటి ఉచ్చారణ మాత్రం మారుతూనే పోయింది. నవల ఈ చరిత్రను పట్టించుకోదు. వ్యంగ్యానికి ఆ బాధ్యత లేదు కూడా. కాని దీన్ని ఇప్పుడు తెరకెక్కించేవాళ్ళకు ఒక బాధ్యత ఉంది. విశ్వనాథ రాసిననాడు ఇంగ్లీషు నిన్నమొన్న వెళ్ళిపోయిన ప్రభువుల భాష. ఈనాడు అది తెలుగు తల్లిదండ్రులు పిల్లలకోసం తాము కోరుకుంటున్న భాష. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం కోసం ఉత్తర్వులిచ్చింది. 2020లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ వివాదంలో ఇరుపక్షాలా తల్లిదండ్రులున్నారు. ఇలాంటి సమయంలో ఇంగ్లీషు పిచ్చిభాష అని చేతులు దులుపుకునే చిత్రం సగం ప్రేక్షకులను దూరం చేసుకుంటుంది, మిగతా సగాన్ని ఉబ్బేస్తుంది. రెండూ నవలకు మేలు చెయ్యవు.

యానాం ఇక్కడ మనకు ఒక మంచి పాఠం చెబుతుంది. అక్కడ 1954 ముందు ప్రభువుల భాష ఇంగ్లీషు కాదు, ఫ్రెంచి. విష్ణుశర్మ కనకాలపేటలో దిగి ఉంటే ఏం నేర్చుకునేవాడు? నీళ్ళు అనే బహువచనానికి ఇ, ఎ, యు, ఎక్స్ అని నాలుగక్షరాలు రాసి 'ఓ' అని ఒక్క అచ్చు పలికే భాషను చూసి ఏమనేవాడు? యానాం పేరునే ఫ్రెంచివాళ్ళు వై, ఎ, ఎన్, ఎ, ఓ, ఎన్ అని రాసుకున్నారు. చివరి అక్షరాన్ని ముక్కుతో ఎందుకు పలకాలని అడిగేవాడు గదా. అంటే ఈ ప్రశ్నలు ఇంగ్లీషుకే పరిమితం కావు. ఫ్రెంచివాళ్ళకూ ఇంగ్లీషు వింతగానే కనబడింది. ఇయొనెస్కో తన 'బట్టతల గాయని' నాటకాన్ని 1950లో ప్రదర్శనకిచ్చాడు. ఇంగ్లీషు నేర్చుకోవడానికి కొన్న వాచకంలోని వాక్యాలే ఆ నాటకానికి ప్రేరణ. మార్క్ ట్వెయిన్ 1880లో జర్మన్ వ్యాకరణంమీద ఒక పెద్ద హాస్యవ్యాసమే రాశాడు. బయటినుంచి వచ్చి తలుపు తట్టినవాడికి ప్రతి ఇల్లూ వింతగానే కనబడుతుంది.

మరి మన ఇల్లు? కనకాలపేట బృందంలో పుదుచ్చేరిలో పెరిగి వచ్చిన ఒక విద్యార్థి ఉన్నాడు. అతనికి తమిళం బాగా వచ్చు. నవల చర్చ అయిపోయాక మెల్లిగా అడిగాడు: "తమిళంలో అవన్ వందాన్, అవళ్ వందాళ్, అదు వందదు అని మూడున్నాయండి. తెలుగులో 'అతను వచ్చాడు' వేరేగా ఉంది గాని, 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది' ఒకటే ఎందుకండీ? పోనీ అనుకుంటే, ఇద్దరు ఆడవాళ్ళొస్తే మళ్ళీ 'వచ్చారు' అంటామేంటండీ?"

బృందం అతన్ని చూసి నవ్వబోయింది. మేము ఆపాము. ఎందుకంటే విష్ణుశర్మ అడగవలసిన ప్రశ్న అదే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో దీనికి మహత్తు, మహతి, అమహత్తు అని పేర్లున్నాయి. స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తుతో చేరుతుంది, బహువచనంలో మహత్తుతో చేరుతుంది. ద్రావిడ భాషలన్నిటిలో ఈ ఏర్పాటు ఒకేలా లేదు; తమిళం దారి వేరు, తెలుగు దారి వేరు. ఇవన్నీ చెప్పాము. అతను విని, అది ఎలా ఉందో చెప్పారు గాని ఎందుకు అలా ఉందో చెప్పలేదు గదండీ అన్నాడు. మేము నల్లబల్ల వైపు తిరిగాము. నవలలోని పంతులు స్థితి ఏమిటో ఆ క్షణాన గదిలో అందరికీ తెలిసింది. అందరూ నవ్వారు. ఆ నవ్వు అతనిమీద కాదు.

ఇలాంటివి మన భాషలో ఎన్నైనా ఉన్నాయి. చాప, చీమ మాటల్లో మొదటి అక్షరం రాతలో ఒకటే, నోట రెండు రకాలు. వస్తువులైతే రెండు, మూడు; మనుషులైతే ఇద్దరు, ముగ్గురు. మేము, మనం అనే తేడా ఇంగ్లీషుకు లేదు, మనకుంది. అది లేకుండా ఇంగ్లీషువాళ్ళు ఎలా గడుపుకుంటున్నారో మనకు ఆశ్చర్యం. ఉండి మనమేం చేసుకుంటున్నామో వాళ్ళకు ఆశ్చర్యం.

7

ఇప్పుడు మా విచారణ ఫలితాన్ని క్రోడీకరిస్తాము. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' టెలివిజన్‌కు ఒదగని నవల కాదు. అక్షరాన్నీ ధ్వనినీ ఒకేసారి ఇవ్వగల తెరకు ఇది పుస్తకంకంటె ఎక్కువగా ఒదుగుతుంది. దీనికి స్వర్గపు సెట్టింగులు అక్కరలేదు. మూడు కుర్చీలు, ఒక నల్లబల్ల చాలు. అక్కరలేని అద్భుతాన్ని పెంచి, అవసరమైన ప్రశ్నను తగ్గిస్తే నష్టం. పూర్వులను అమాయకులుగా చూపిస్తే ఇంకా నష్టం. కెమెరా ఎక్కువసేపు ఉండవలసింది పంతులు ముఖంమీద. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఆయన తీసుకునే వ్యవధిని కత్తిరించకూడదు. ఎడిటింగు బల్లమీద మొదట కోతకు గురయ్యేది సాధారణంగా అలాంటి మౌనమే. ఈ నవలలో దాన్ని కోస్తే మిగిలేది వ్యాకరణం.

తెలుగు రాష్ట్రాలకు బయట చదువుకుంటున్న మీకు ఒక అభ్యాసం ఇస్తున్నాము. మీరు తెలుగు నేర్చుకుంటున్నప్పుడు మీకు తోచిన ప్రశ్నలను, ఇంట్లో అడిగితే పెద్దలు నవ్వి ఊరుకున్న ప్రశ్నలను, ఒక కాగితంమీద రాయండి. వాటిలో ఒకదాన్ని తీసుకుని ఐదు నిమిషాల దృశ్యం రాయండి. పాత్రలు ఇద్దరే ఉండాలి: అడిగేవారు, చెప్పలేనివారు. అడిగేవారిని చూసి నవ్వేలా ఒక్క మాట కూడా ఉండకూడదు. వచ్చినవాటిలో మంచివాటిని రాబోయే సంచికలో వేస్తాము. జవాబులు తెలిసినవాటికి జవాబులు కూడా వేస్తాము. తెలియనివాటిని ప్రశ్నలుగానే ఉంచుతాము.